ఇల్లు తోలుకొనుచు నింటికేగు (టీకా తాత్పర్య సహితం)

అవతారిక

చలి ముదరగానే బ్రిటన్‌లో పదవీ విరమణ చేసిన దంపతులు చాలామంది మోటారుహోమ్ ఎక్కి స్పెయిన్ దక్షిణ తీరానికి పోతారు. మంచం, పొయ్యి, ఫ్రిజ్, మరుగుదొడ్డి అన్నీ బండిలోనే. జనవరిలో పోయినవారు మార్చి నెలాఖరుకు ఫ్రాన్స్ మీదుగా కలే రేవుకు తిరిగి చేరుకుంటారు. పోయేటప్పటి ముచ్చట్లు వర్ణించినవారు కోకొల్లలు. తిరుగుదారిలోని చివరి నాలుగైదు రోజులకు మాత్రం కావ్యగౌరవం దక్కలేదు. ఆ లోటు తీర్చే ఆటవెలది ఇది. ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద నలిగిన చీటీ దీనికి ఏకైక ప్రతి. కవి పేరు లేదు. తెలుగువాడనీ, కుక్క ఉన్నవాడనీ మాత్రం ఊహించవచ్చు.

మూలం

జున్ను ముగియవలయు సుంకంపుగడిముందు
కుక్క మాత్ర మింగి కునుకవలయు
నీటితొట్టి వదిలి నిప్పుబుడ్డిని మూసి
యిల్లు తోలుకొనుచు నింటికేగు

ప్రతిపదార్థం

జున్ను = చీజ్; ముగియవలయు = ముక్క మిగలకుండా కడుపులోకి పోవాలి; సుంకంపుగడి ముందు = కస్టమ్స్ గేటుకు ఇవతలే; కుక్క = పెంపుడు కుక్క; మాత్ర మింగి = బద్దెపురుగు మందు పుచ్చుకొని; కునుకవలయు = ఒక రోజు ఆగాలి; నీటితొట్టి వదిలి = బండిలోని నీళ్లన్నీ పారబోసి; నిప్పుబుడ్డిని మూసి = గ్యాస్ సిలిండరు కట్టేసి; ఇల్లు తోలుకొనుచు = మోటారుహోమ్ నడుపుకుంటూ; ఇంటికి ఏగు = ఇంటికి పోవును.

తాత్పర్యం

విదేశంలో నెలల తరబడి బండి కాపురం చేసినవాడు, తినవలసింది తినేసి, కుక్కకు వైద్యం చేయించి, నీళ్లు వదిలి, గ్యాస్ కట్టి స్వదేశం చేరుతాడు.

వ్యాఖ్య

జున్ను అనగానే తెలుగువారికి ఈనిన గేదె ముర్రుపాలు గుర్తొస్తాయి. ఇక్కడ ఆ అర్థం పొసగదు. అయినా ఎవరైనా పట్టుబట్టి ఆ జున్నునే డబ్బాలో పెట్టుకొచ్చినా గేటు దగ్గర వదిలిపెట్టరు, అదీ పాడి సరుకే. యూరోపియన్ యూనియన్ దేశాల నుంచి గ్రేట్ బ్రిటన్‌లోకి ఆవు, గొర్రె, మేక, పంది మాంసం గానీ పాల పదార్థాలు గానీ ప్రయాణికులు వెంట తెచ్చుకోకూడదని 2025 ఏప్రిల్ 12 నుంచి ఆంక్ష పెట్టారు. ఆ ఏడాది జర్మనీలోనూ తరవాత హంగరీ, స్లొవాకియాల్లోనూ పశువులకు గాలికుంటు సోకడం ఇందుకు కారణం. సీలు వేసిన పొట్లమైనా, సాండ్‌విచ్ మధ్యలో దాక్కున్న హామ్ ముక్కైనా ఒకటే లెక్క.

కవి జున్నును మొదటి పాదంలో మొదటి మాటగా నిలపడానికి దారే సాక్ష్యం. స్పెయిన్ సరిహద్దు దాటి ఉత్తరానికి వచ్చేవారిలో చాలామంది ఫ్రాన్స్‌లోని ఎ75 రహదారి పట్టుకుంటారు. 2004లో తెరిచిన మియో వంతెన దగ్గర తప్ప అది టోలు లేని దారి. ఆ వంతెన పొడవు 2,460 మీటర్లు. దాని చుట్టుపక్కలే నీలిచారల రోక్‌ఫోర్ చీజ్ పుట్టిన ఊరు ఉంది. ఇంకొంచెం పైకి వస్తే ఓవర్ఞ్ కొండల్లో సెంట్ నెక్టేర్ తయారవుతుంది. రువాన్ దాటాక నోషాటెల్-ఆన్-బ్రే వస్తుంది, అక్కడ చీజ్‌ను హృదయాకారంలో అచ్చు వేస్తారు. అంటే కొనడానికి ఊరూరా ప్రలోభం, తినడానికి రెండు మూడు రోజుల గడువు. మియోలో కొన్న రోక్‌ఫోర్‌కు కలే దాదాపు 900 కిలోమీటర్ల దూరంలో మృత్యువు రాసిపెట్టి ఉంటుంది.

కాబట్టి ఆఖరి రాత్రి వంటకు శాస్త్రమేమీ ఉండదు. కలే దగ్గర విసాన్‌లోనో గ్రావ్‌లీన్‌లోనో బండి ఆపి, ఒకే పెనంలో ఉడికిన బంగాళాదుంపలు, చొరిజో సాసేజ్ తోక, హామ్ అంచులు వేసి, అరకప్పు పాలు పోసి, పైన మిగిలిన మూడు రకాల చీజ్ కప్పుతారు. వెన్న సంగతేమిటని గృహిణి అడుగుతుంది. వెన్నా పాడి సరుకే కనుక అదీ పెనంలోకే పోతుంది. మర్నాడు ఉదయం ఎవరికీ ఆకలి వేయదు. ఆంక్ష రాకముందు రాసిన ప్రయాణ గ్రంథాల్లో ఈ ఘట్టం కనబడదు. అప్పట్లో ఫ్రిజ్ నిండుగా గట్టు దాటేది.

రెండో పాదం మీద వివాదం ఉంది. మాత్ర మింగితే కుక్కకు కునుకెందుకు? బద్దెపురుగు మందులో మత్తు లేదు కదా? ఇది పూర్వపక్షం. సమాధానం నిబంధనలోనే ఉంది. గ్రేట్ బ్రిటన్‌లోకి వచ్చే కుక్కకు పశువైద్యుడు ఆ మందు వేసి కాగితాల్లో నమోదు చేయాలి. మందు వేసిన వేళకూ గడప దాటే వేళకూ మధ్య 24 గంటలకు తగ్గకూడదు, 120 గంటలకు మించకూడదు. ఈ కనీసపు నిరీక్షణనే కవి కునుకన్నాడు. నిజానికి ఆ రోజు కునికేది యజమానులు. కుక్క ఇసుకలో పరుగులు పెడుతుంది. పిల్లికి ఈ మందు అక్కర్లేదు. అందుకే పద్యంలో పిల్లి లేదు.

120 గంటలున్నాయి కదా, ఐదు రోజుల ముందే వేయించి నిశ్చింతగా ఉండవచ్చునని కొందరు వాదిస్తారు. అది సాహసం. గాలివానకు ఓడలు ఆగుతాయి, రేవులో సమ్మె జరుగుతుంది, బండ్లను మోసే ఛానల్ సొరంగపు రైలు వాయిదా పడుతుంది, గడువు చేతుల్లోంచి జారిపోతుంది. ఆఖరి రోజు చూద్దామనుకున్నవాడికి 24 గంటలు అడ్డు. రెండు మూడు రోజుల ముందు వేయించడమే అనుభవజ్ఞుల సిద్ధాంతం. కలే పరిసరాల పశువైద్యులకు ఈ పని కొట్టిన పిండి.

ఇక్కడ మీమాంసకుల న్యాయం ఒకటి అక్కరకొస్తుంది. పాఠక్రమం కంటే అర్థక్రమం బలవత్తరమని వారి మాట. పద్యంలో జున్ను ముందు, కుక్క తరవాత. ఆచరణలో కుక్క ముందు, జున్ను ఆఖరి క్షణం దాకా. అలాగైతే కవి క్రమం తప్పాడా? తప్పలేదు. కుక్క చేత మాత్ర మింగించడానికి లోకంలో ప్రసిద్ధమైన ఉపాయం దాన్ని చీజ్ ముద్దలో పెట్టడమే. జున్ను ముగియడం ఆ ముద్దతోనే మొదలవుతుంది. కనుక రెండు క్రమాలూ నిలుస్తాయి.

మూడో పాదంలో నీళ్లు. మోటారుహోమ్‌లో మంచినీళ్లకు ఒక తొట్టి, వాడిన నీళ్లకు ఒకటి, మరుగుదొడ్డికి విడిగా తీసే క్యాసెట్ ఉంటాయి. ఫ్రాన్స్‌లో ఏర్ అని పిలిచే బసల్లో ఈ మూడింటికీ వసతులుంటాయి. క్యాసెట్ ఖాళీ చేయడాన్ని కవి ప్రస్తావించలేదు. ఔచిత్యం తెలిసినవాడు. కానీ అది పద్యంలో లేదని బండిలోనూ మరచినవాడు ఇంటి ముందు వీధిలో ఏం చేయాలో ఆలోచించుకోవాలి.

నీళ్లు వదలడానికి అసలు కారణం బరువు. చాలా మోటారుహోమ్‌లకు సామానుతో కలిపి 3,500 కిలోలు పరిమితి. వంద లీటర్ల మంచినీళ్లంటే వంద కిలోలు. ఆ స్థలంలోకి వచ్చేది వైన్. సుంకం లేకుండా పెద్దవారు తలకు 18 లీటర్ల వైన్ తెచ్చుకోవచ్చు, అంటే ముప్పాతిక లీటరు సీసాలు 24. దంపతులకు 48. సీసాల గాజుతో కలిపి చూసినా తొట్టెడు నీళ్లకంటే తేలికే. ఒకటిచ్చి మరొకటి పుచ్చుకోవడం చెప్పబడింది కనుక ఇక్కడ పరివృత్తి అలంకారం. వైన్ పేరెత్తకుండానే స్ఫురింపజేశాడు కనుక వ్యంగ్యమని కూడా అనవచ్చు. జున్ను ఆగుతుంది, వైన్ ఆగదు. పశువుల రోగం ద్రాక్షకు రాదు.

నిప్పుబుడ్డి గ్యాస్ సిలిండరు. గ్యాస్‌తో నడిచే బండ్లను ఛానల్ సొరంగపు రైలు ఎక్కించుకోదు. వంటకు వాడే గ్యాస్‌ను పరిమితిలో ఒప్పుకుంటుంది, అయితే అది కట్టి ఉందో లేదో సిబ్బంది చూస్తారు. మోటారుహోమ్ ఫ్రిజ్ చాలావాటిలో ఆగి ఉన్నప్పుడు నడిచేది ఆ గ్యాస్ మీదే. గ్యాస్ కడితే ఫ్రిజ్ ఆరుతుంది. లోపల ఏమీ లేదు కనుక నష్టం లేదు. జున్ను మొదటి పాదంలో ముగియడం, నిప్పు మూడో పాదంలో ఆరడం కాకతాళీయం కాదనడానికి ఇది చాలు.

నాలుగో పాదం ఈ పద్యానికి ప్రాణం. ఇల్లు, ఇంటికి అని ఒకే మాట రెండుసార్లు రావడం పునరుక్తి దోషమని తొందరపడకూడదు. శబ్దం ఒకటే, అర్థమూ ఒకటే, తాత్పర్యం వేరు. కనుక లాటానుప్రాస. మొదటి ఇల్లు ఆరేడు మీటర్ల పొడవు, అద్దంలోంచి రోజుకో సముద్రం. రెండో ఇంట్లో మూడు నెలల ఉత్తరాలు తలుపు వెనక పేరుకుని ఉంటాయి.

అయితే ఏగు అనే క్రియకు కర్త ఏడి? ఇల్లే వెంట ఉన్నవాడు ఇంటికెందుకు పోవాలి? ఇక్కడ 'తొంభై రోజులు నిండవచ్చినవాడు' అని అధ్యాహారం చేసుకోవాలి. 2021 జనవరి 1 నుంచి బ్రిటిష్ పాస్‌పోర్టువారు స్పెయిన్, ఫ్రాన్స్ చేరిన షెంజెన్ దేశాల్లో ఏ 180 రోజుల్లోనైనా 90కి మించి ఉండరాదు. అడుగుపెట్టిన రోజు, బయటపడే రోజు రెండూ లెక్కలోకే వస్తాయి. అంతకు ముందు ఈ గుంపు బాదం పూత చూసి, ఎండలు ముదిరాక తీరిగ్గా కదిలేది. 2025 అక్టోబర్ 12 నుంచి పాస్‌పోర్టు మీద ముద్రకు బదులు వేలిముద్రలు, ముఖచిత్రం తీసుకునే పద్ధతి దశలవారీగా మొదలైంది. ఇప్పుడు లెక్క కంప్యూటరుది. షెంజెన్ వీసా మీద వెళ్లే భారతీయులకు ఈ తొంభై కొత్తేమీ కాదు.

కలే దగ్గరి బ్లాన్-నే కొండ మీద నిలబడితే ఆకాశం నిర్మలంగా ఉన్న రోజు డోవర్ తెల్లకొండలు కనిపిస్తాయి. రైలులో సొరంగం దాటడానికి 35 నిమిషాలు. ఫ్రాన్స్ గడియారం గంట ముందుంటుంది కనుక పదింటికి బయల్దేరినవాడు తొమ్మిదీ ముప్పై ఐదుకు చేరుతాడు. ఇది అతిశయోక్తి అలంకారం కాదు, టైంటేబిల్.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని ఆఖరి వారం ఉదయాన్నే చదివినవారికి జరిమానా, జున్ను నష్టం ఉండవు. కుక్క ఉన్నవారు ఇంకొకటి చేయాలి. మందు పేరు, తేదీ, వేళ, సంతకం, ముద్ర అన్నీ కాగితంలో పడ్డాయో లేదో పశువైద్యుడి గది దాటకముందే చూసుకోవాలి. ఆ వేళ ఫ్రాన్స్ గడియారానిదని గుర్తుపెట్టుకుని 24 గంటలు లెక్కపెట్టుకోవాలి.