తులాధరుడు

బల్లమీద బొమ్మలతో యుద్ధము చేయువారిలో గెలుపుకొఱకు ఆడువారు కొందఱు, బొమ్మలకు రంగులు వేసికొను సరదాకై ఆడువారు కొందఱు. ఈ రెండు తెగలకును చెందక, కేవలము న్యాయముకొఱకే ఆడు మహానుభావుడొకడు ఇంగ్లండు దేశపు ప్రతి క్రీడాసంఘమునందును తప్పక యుండును. జాజలి మునికి ధర్మము నుపదేశించిన భారతములోని వర్తకుని పేరిట ఇతనిని తులాధరుడందము. ఇతని త్రాసులో ఒక తట్టన డ్రాగన్ కూర్చుండును, రెండవ తట్టన ఈటెలు పట్టిన పదాతులు బారులు తీరి నిలుతురు; ముల్లు మాత్రము ఏనాడును నడుమకు రాదు.

ఇతడు ఆడునది 1983లో ఆ దేశముననే వెలువడిన వార్‌హామర్. ఇరుపక్షములకును సమానముగా పాయింట్లుండును. వానితో సేనను కొనుక్కొనవలెను. ఒకే మొత్తమునకు పటాలమంత మందిని తెచ్చుకొనవచ్చును, లేదా ఒక్క భూతమును తెచ్చుకొనవచ్చును. మనుష్యుల బలము వరుసలలో నున్నది, భూతము బలము కోఱలలో నున్నది. ఈ రెంటిని ఒకే కొలతతో తూచుట యెట్లన్నదే చిక్కు. 2000లో వచ్చిన ఆఱవ కూర్పు లెక్క మన తులాధరునికి సంధ్యావందనము వలె కంఠస్థము. ఇరువదియైదుగురు ఐదేసి వంతున ఐదు వరుసలుగా నిలిచినారనుకొనుడు. డ్రాగన్ మీదబడి నలుగురిని నమలివేసినది. ఒక్కని ఈటెయు దాని పొలుసును గీఱలేదు. ఐనను వెనుక వరుసలకు మూడు, జెండాకు ఒకటి, సంఖ్యాధిక్యమునకు ఒకటి, వెరసి ఐదు, డ్రాగన్‌కు నాలుగే. ఓడినది డ్రాగన్! అది రెండు పాచికలతో తన ధైర్యమును పరీక్షించుకొనవలెను. అవి వికటించెనా, ఒంటిపై గాటైనను లేని ఆ మహాసర్పము చచ్చినవారు పోగా మిగిలిన ఇరువది యొక్కరిని చూచి తోక ముడిచి పరుగెత్తవలెను. తాను డ్రాగన్ పక్షమున నున్ననాడు ఇది ప్రకృతివిరుద్ధమని తులాధరుడు వాదించును. పదాతి పక్షమున నున్ననాడు నాగరకత నిలిచినదే ఈ సూత్రముపైననును. రెండు వాదములును నిర్దుష్టములే. ఆ మాట ఒప్పుకొనవలెను.

2010లో ఎనిమిదవ కూర్పు వచ్చి, శత్రువుకంటె ఎక్కువ వరుసలున్న పటాలము ఎంత ఓడినను పరీక్షలో దాని ధైర్యపు కొలత తగ్గదనెను. అందులకు పరిహారముగా, భూతము కఱచుట ముగిసిన పిదప పాచిక చెప్పినన్ని దెబ్బలతో కాలరాచునని కూడ విధించెను. తులాధరుడు ఈ రెండు విధులను ఒకే సాయంకాలము, ఒకే కప్పు తేనీటిమీద ఖండించెను. ఫిరంగిగుండు మాట ఎత్తరాదు: తగిలిన గుండు ఎన్ని గాయములు చేయునో పాచిక చెప్పవలెను గనుక, ఆఱు పడినచో ఆఱు గాయముల ఆయువు గల డ్రాగన్ తన మొదటి అడుగుకు ముందే పెట్టెలోనికి పోవును.

మన పూర్వులు ఈ పేచీని ఎంత సులువుగా దాటిరి! ఒక రథము, ఒక ఏనుగు, మూడు గుఱ్ఱములు, ఐదుగురు కాల్బలము కలిసి ఒక పత్తి. దానిని హెచ్చించుకొనుచు పోయినచో అక్షౌహిణి. ఏనుగుకు ఐదుగురేల, ఆఱుగురు వలదా అని కురుక్షేత్రమున ఎవ్వడును టేపు తీసినట్లు వినము. ఘటోత్కచుడు చచ్చుచు మీదబడి ఒక అక్షౌహిణిని నుగ్గుచేసినప్పుడు కౌరవులు సంతోషించిరే కాని, ఏ వైపునకు కూలవలెనో పాచిక వేయుమని పట్టుపట్టలేదు. తులాధరుడు పట్టుపట్టును. ఆటలోని రాక్షసుడు కూలునప్పుడు ఆయన గడ్డము బల్లకానించి, ఒక కన్ను మూసి, పావు అంగుళము ఎడముందని చెప్పి ఇద్దఱు ఈటెగాండ్రను బ్రతికించుకొనును.

ఈ ధర్మాగ్రహమునకు మూలము ఆయన ఇంటిలో నున్నది. రాత్రి దీపముక్రింద, భూతద్దములో, వెండ్రుకంత కుంచెతో ఆయన ఈటెగానికి కనుగ్రుడ్డు దిద్దుచుండును, ఊపిరి బిగబట్టవలెను, చేయి వణికెనా, వీరుడు జీవితాంతము మెల్లకన్నుతో యుద్ధము చేయును. వందమంది పదాతులకు రెండువందల కన్నులు, డ్రాగన్‌కు రెండు. అంత శ్రమపడి దిద్దినవారిని ఇంత కొద్ది శ్రమతో తీరినది ఒక్క ఊపున నమలివేయుటను ఏ న్యాయాధిపతి సహించును? పోనీ, పదాతికి మేలు చేసిన కూర్పైన ఆయనను మెప్పించినదా? వరుసకు పదిమంది చొప్పున నిలిపినచో అదనపు బలమని అది ఆశపెట్టినది. అనగా మరిన్ని కన్నులు.

2015లో ఆ ఆటయే ముగిసెను. దాని స్థానమున వచ్చిన ఆటలో బారులు లేవు, చతురస్రపు పీఠములు పోయి గుండ్రనివి వచ్చినవి. ఆ యేండ్లలో తులాధరుడు చిక్కిపోయెను. 2024 జనవరిలో ‘ది ఓల్డ్ వరల్డ్’ అను పేర బారులు తిరిగి వచ్చెను. వానితోపాటు డ్రాగన్లనెక్కిన దొరలును వచ్చిరి. ఆయన ముఖమున మరల రక్తమాడినది.

ఆ దినములలో ప్రత్యర్థియొకడు, పాపము సాధువు, ఈయన గోడు వినలేక, “ఈ సాయంకాలము నా డ్రాగన్‌ను పెట్టెలోనే ఉంచెదనండీ, మీ పదాతులును నా పదాతులును తేల్చుకొందురుగాక” అనెను. తులాధరుడు పరమానందభరితుడాయెను. రెండు పటాలములు బల్లనడుమ తలపడెను. ఇటు ఇద్దఱు పడిరి, అటు ఇద్దఱు పడిరి. వరుసలు సమానము, జెండాలు సమానము, ఎవ్వరును కదలలేదు. మరల ఇద్దఱు, మరల ఇద్దఱు. తేనీరు చల్లారినది. తులాధరుడు పాచికలను గుప్పిట ఆడించుచు, ప్రత్యర్థి కుర్చీక్రింది పెట్టెవైపు రెండు మూడు మాఱులు చూచి, గొంతు సవరించుకొని, “దానిని ఒక్క పర్యాయము బల్లమీద పెట్టుడు, ఎంత అన్యాయముగా నుండునో చూతము” అనెను.