నేను టేకు పలకను

చంద్రాపూర్ అడవిలో పుట్టాను. బల్లార్షా టేకు అంటే హైదరాబాద్ వడ్రంగులకు ఎంతో గురి. కోత మిల్లులో పలకనై, ఆరి, లారీలో ఉప్పల్ దాటి, వరంగల్ రోడ్డు మీదుగా మేడిపల్లి చేరాను. నన్ను దించింది ఒక నాట్య గురువు ఇంటి హాల్లో.

ఆమె నేర్పేది పేరిణి. నటరాజ రామకృష్ణ గారు మళ్లీ ప్రాణం పోసిన ఆ నాట్యంలో పాదం నేలను బలంగా కొట్టాలి. కాంక్రీటు లొంగదు, ఆ దెబ్బంతా మడమకు, మోకాలికి తిరిగొస్తుంది. శిష్యుల కాళ్ల కోసం ఆమె నన్ను కోరుకున్నారు.

అయితే ఆ హాల్లో నేలలు రెండు. వెనక భాగం పాత వేదిక, దూలాల మీద బిగించిన ప్లైవుడ్. ముందు భాగం కొత్తగా పోసిన కాంక్రీటు, మూడంగుళాలు పల్లం. మేస్త్రీ చుట్టూ చూసి, "కింద నేల సంగతి తేలకుంట మీద పలక ఎయ్యొద్దమ్మా" అన్నాడు. ఆ మాటతోనే అతని మీద నాకు నమ్మకం కుదిరింది.

చెట్టును కొట్టేసినా కట్టెలో కదలిక ఆగదు. వానాకాలం గాలిలోని తేమ పీల్చి వెడల్పు పెరుగుతాను, ఎండాకాలం తగ్గుతాను. పొడవులో తేడా దాదాపు రాదు. చాలా కలపల కంటే టేకులో ఈ కదలిక తక్కువ, అయినా ఉంటుంది. అందుకే మమ్మల్ని ముందు హాల్లోనే, వరసల మధ్య పుల్లలు పెట్టి పేర్చారు. ఆ గది గాలికి అలవాటు పడ్డాం.

కాంక్రీటుకు 28 రోజులకు అనుకున్న బలం వస్తుంది కానీ లోపలి తడి ఆరడానికి ఇంకా చాలా కాలం పడుతుంది. మేస్త్రీ ఒక పాలిథిన్ ముక్క పరిచి, అంచులకు టేపు అంటించి వదిలాడు. మర్నాడు దాని అడుగున నీటి చెమ్మ! అది రాకుండా పోయేదాకా పని మొదలుపెట్టలేదు. అంత ఓపిక పట్టిన ఇంటివారికి నేను రుణపడి ఉన్నాను.

తర్వాత కాంక్రీటంతా పాలిథిన్ షీటు పరిచారు. చెదల మందు పూసిన రీపర్లు బిగించి, వాటి మీద 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వేసి వేదిక ఎత్తుకు తెచ్చారు. వేదిక వైపు కిర్రుమంటున్న ప్లైవుడ్‌ను దూలాలకు మరలతో బిగించారు. రసమట్టం రెండు వైపులా ఒకే మాట చెప్పింది.

నన్ను దూలాలకు అడ్డంగా, రెండు నేలలు కలిసే గీత దాటించి పరిచారు. ఏ పలక చివరా ఆ గీత మీద పడనివ్వలేదు. మేకులు, పక్క పలక గాడిలో ఇమిడే నా అంచు నాలుకలోకి ఏటవాలుగా దిగాయి, పైకి కనబడవు. గోడల దగ్గర నేను పెరగడానికి సందు వదిలి, స్కర్టింగ్‌తో కప్పారు.

ఇప్పుడు శిష్యులు ఆ గీత మీదుగా అడుగులు వేస్తూ ముందుకీ వెనక్కీ తిరుగుతారు. ఎక్కడా పాదానికి తేడా తెలియదు. చెక్క నేల వేయించుకునేవారికి నా మనవి: రంగు, పాలిష్ ఎంచుకునే ముందే కింది నేల తేమ, ఎత్తు, గట్టితనం చూపించుకోండి. ఆ పనికి పెట్టిన ప్రతి రోజూ మా ఆయుష్షులో కలుస్తుంది.