రెండు నిమిషముల గురువు

విద్యాదానము సర్వదానములలో శ్రేష్ఠమని చెప్పిన మన పెద్దలు, దానమిచ్చువాడు పుచ్చుకొనువానిచేత 3 ఏండ్ల ఒడంబడికపై చేవ్రాలు చేయించుకొనుట, ఇచ్చిన వస్తువును బడి నడచిన దినములలో నూటికి 90 దినములు వాడి తీరవలెనని షరతు పెట్టుట, వాడుట మానిన గోడనుండి ఊడబెరికి పట్టుకొనిపోవుట అను మెలకువల నెరుగని అమాయకులు గనుక, ఈ చివరిదానికి దత్తాపహారమని పేరుపెట్టి పాపములలో జమకట్టిరి. ఈ వెనుకబాటును సవరించిన మహాదాత అమెరికాలోని టెనెసీ రాష్ట్రవాసి క్రిస్ విటిల్. ఆయన 1990లో దేశవ్యాప్తముగా తెరచిన 'ఛానెల్ వన్' అను సత్రములో చేరిన బడికి తరగతికొక టీవీ, మిద్దెమీద డిష్, వీసీఆర్‌లు, సర్వమును ఉచితము. బదులుగా పిల్లలు దినమునకు 12 నిమిషముల వార్తాప్రసారము చూచిన చాలును. అందు 10 నిమిషములు లోకవృత్తాంతము, 2 నిమిషములు ప్రకటనలు. భారతమునకు హరివంశమువలె ఈ రెండును అనుబంధమాత్రమని భ్రమపడకుడు. ఈ రెండింటి కొరకే ఆ పదియును పుట్టినవి.

అక్కడ బడి ఏటికి ఇంచుమించు 180 దినములు నడచును. దినమునకు 2 నిమిషముల చొప్పున 360 నిమిషములు, అనగా 6 గంటలు, అనగా సంవత్సరమునకొక పూర్తి బడిదినము ప్రకటనలకే అంకితము. మనకు దసరా వలె వారికిదియొక పర్వము. దసరాకు బడి మూయుదురు, ఈ పర్వమునకు తరగతి తలుపు మూయుదురు, అంతియే భేదము. ఇంటిలోనైన ప్రకటన రాగానే పిల్లవాడు మంచినీళ్ళకని లేచిపోవును. ఇచ్చట లేవవలెనన్న చేయెత్తి సెలవడుగవలెను. తెరపై ఒకనాడు స్నికర్స్ చాక్లెట్టు తిన రమ్మని పిలుచును, ఒకనాడు క్లియరసిల్ మొటిమలకు లేపనము పట్టుకొని నిలుచును. చాక్లెట్టువలన మొటిమలు పుట్టునో లేదో వైద్యులు తగవులాడుకొందురు గాక, వర్తకమునకు మాత్రము ఆ సందేహము లేదు, రెంటిని ఒక్క తరగతిలోనే అమ్మును. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయమునకు చెందిన మైకేల్ మోర్గన్ 1993లో పరిశీలించి, ఈ సత్రమున కలిగినవారి బడులకంటె పేదవారి బడులే ఎక్కువగా చేరినవని తేల్చెను. ఇందు వింతయేమున్నది? సత్రభోజనమునకు జమీందారులు వత్తురా?

న్యూయార్కు రాష్ట్రమువారు మాత్రము తమ ప్రభుత్వ పాఠశాలల గడప దానిని తొక్కనీయలేదు. 2018లో ఛానెల్ వన్ దీపము ఆరినది గాని, దానిని సమర్థించుటకు పుట్టిన వాదము నేటికిని దివ్యముగా వెలుగుచున్నది. ప్రకటనలు లేని లోకమెక్కడిది? బడిలో దాచినంతమాత్రాన వీధిలో కనబడక పోవునా? కావున వానిని బడిలోనికి రానిచ్చి, వానిని విప్పిచూచు మీడియా అక్షరాస్యతను కూడ బోధించిన చాలునట. విషము, విరుగుడు ఒక్క గంటలోనే పూర్తియగునట. నూతిచుట్టును కట్టిన గోడను కూలగొట్టి, ఆ ఇటుకలను అమ్మిన సొమ్ములో కొంత వెచ్చించి, పసివారికి ఈత నేర్పించెదమని ఊరి పెద్దలు చాటింపు వేయించినట్లున్నది. ఒడంబడికపై సంతకము చేసినవాడు నలువదియైదేండ్ల ప్రధానోపాధ్యాయుడు. దాని ఫలమునుండి తన్ను తాను కాపాడుకొనవలసినవాడు పండ్రెండేండ్ల బాలుడు.

ఈ ఈతపాఠములకు సొమ్మెవరిత్తురను చింతయు వలదు. బ్రిటనులో 2002లో ప్రకటనల పరిశ్రమవారే నిధి సమకూర్చి, 'మీడియా స్మార్ట్' అను పేర, ప్రకటనలను విమర్శనదృష్టితో చూచుట ఎట్లో ప్రాథమిక పాఠశాలల పిల్లలకు నేర్పబూనిరి. ఆ పాఠములు చెడ్డవని నేననను. తాళము ఎన్ని విధముల ఊడునో దొంగకంటె బాగుగా చెప్పగలవాడెవడు? కాని ఇంటివారు తాళముచెవులు కూడ ఆయనకే అప్పగించి, చౌర్యశాస్త్రమున తమ బిడ్డకు ప్రథమశ్రేణి వచ్చినదని పొంగిపోవుచుండగా చూచి ఊరకుండుట నావంటి ముసలివానికి కష్టము.

ఇంతకు ఈ అక్షరాస్యతకు ప్రయోగపరీక్ష యొకటి జరిగియే యున్నది. 1998లో జార్జియా రాష్ట్రమున ఎవాన్స్ అను ఊరిలోని గ్రీన్‌బ్రయర్ హైస్కూలువారు, 500 డాలర్ల బహుమానమునకు ఆశపడి, 'విద్యయందు కోక్' అను ఉత్సవము చేసిరి. కంపెనీ అధికారులు విచ్చేసిరి. పిల్లలందరిని ఆవరణలోనికి తోలుకొనివచ్చి, కోక్ అను మాటలోని ఇంగ్లీషు అక్షరములు నాలుగును ఏర్పడునట్లు బారులుతీర్చి నిలబెట్టి, ఛాయాచిత్రము తీయించిరి. అక్షరాస్యతయన నిదిగదా! మనము అక్షరములు దిద్దితిమి, వారు అక్షరములైరి. ఆ సమయమున ఒక కుర్రవాని చొక్కామీద పెప్సీ గుర్తు తళుక్కుమన్నది. ఆ ఆవరణలో ఆ ఉత్సవమును ఉత్సవముగా గాక ప్రకటనగా చదివి, దానికి దాని భాషలోనే ప్రత్యుత్తరమిచ్చినవాడు అతడొక్కడే. బడివారు అతనిని ఒకదినము సస్పెండు చేసిరి.

అది అమెరికా సంగతి యందురేమో. మన దేశమున 2020 నాటి ఆహారభద్రతా నిబంధనలు కొవ్వు, చక్కెర, ఉప్పు మితిమీరిన పదార్థములను బడి ఆవరణలోను, గేటునుండి 50 మీటర్ల లోపలను అమ్మరాదనియు, ప్రకటింపరాదనియు శాసించినవి. 51వ మీటరున పిల్లవాని వివేకము మేల్కొనునని కాబోలు.

మా మనుమని బడిలోను ఈ కొత్తవిద్య ప్రవేశించినది. నీ చుట్టునున్న ప్రకటనలను పట్టికగా వ్రాసికొని రమ్మని వానికి ఇంటిపని ఇచ్చిరి. వాడు బల్లముందు కూర్చుండి, నాలుక బయటపెట్టి, బస్సు వెనుకనున్నది, ఆటో రేకుమీదిది, సినిమా వాల్‌పోస్టరు, నా సెల్‌ఫోనులో పాట నడుమ దూరునది, ఇట్లు పదునాలుగు వ్రాసెను. వాడు వ్రాయుచున్న నోటుపుస్తకపు లేబులుమీద వాని పేరుకంటె పెద్దయక్షరములలో పాలలో కలుపుకొను పొడి పేరున్నది. ఎదుట గోడకు అంటించిన టైం టేబులులో అదే పొడి డబ్బా సోమవారము మొదలు శనివారమువరకు నిలువునా నిలుచున్నది. దాని నీడలో లెక్కలు, సైన్సు, తెలుగు ఒదిగియున్నవి.

"ఇవి వ్రాయలేదేమిరా?" అంటిని.

వాడు నావైపు జాలిగా చూచెను. "అవి ప్రకటనలు కావు తాతయ్యా, మా బడివాళ్ళిచ్చినవి."

మరునాడు ఆ పట్టికకు పదికి పది మార్కులు వచ్చినవి.