పాత వర్షన్ బాబాయ్

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో జెట్టీకొక పాత వర్షన్ బాబాయ్ ఉంటాడు. వేటలో సరంగు, ఒడ్డున ఘంటసాల. పాటలు రికార్డు చేసే యాప్ ఎప్పుడో ఎవరిచేతో వేయించుకున్నాడు, ఇప్పటికీ అదే. ‘అప్‌డేట్’ అన్న మాట చెవిన పడితే చాలు, మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేసినట్టు ముఖం పెడతాడు.

“కొత్తదాన్లో ఏటుందిరా? ముందు లాగిన్ అంతాది, తరవాత యాడ్ అంతాది. అదయ్యేసరికి నా పల్లవి నేనే మర్సిపోతన్నాను.”

బటన్ గొడవ కూడా ఉంది. ఐసు తడి, చేపల జిగురు అంటిన వేలికి టచ్‌స్క్రీన్ సరిగ్గా పలకదు. పాతదాన్లో ఎర్ర బటన్ పెద్దది, చూడకుండా నొక్కొచ్చు. కొత్తదాన్లో దాన్ని మూలకి నెట్టి ఆ చోట ‘ప్రీమియం’ పెట్టారు. రికార్డు నొక్కబోయి బాబాయ్ ఏడాది చందా గుమ్మందాకా వెళ్ళొచ్చాడు.

“ఇది రొద తీసేత్తాది మావా” అని మేనల్లుడు ఓసారి కొత్త వర్షన్ పెట్టి పాడించాడు. నిజంగానే బోటింజను మోత పోయింది, ఐసు మిషను పోయింది, బాబాయ్ ఆలాపనా పోయింది. మనిషి మాటల్ని పట్టుకోడానికి తయారైన వడపోతకి ఒకే తీరున సాగే చప్పుడంటే అనుమానం. ఇంజనుకీ ఆలాపనకీ తేడా దానికి తెలియలేదు. హార్బర్‌లో చాలామందికీ తెలియదనుకోండి. చివరికి మిగిలింది వేలంపాటవాడి గొంతు, అక్షరం పొల్లుపోకుండా: “వంజరం... వంజరం...”

ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం కదా, ఇంజన్లు ఆగుతాయి, అప్పుడు కొత్తదాన్లో పాడు మావా అన్నాడు మేనల్లుడు. “ఇంజను లేకపోతే శృతెవడిస్తాడ్రా?”

మొన్న అల్లుడు కొత్త ఫోన్ కొనిచ్చాడు. దాచుకున్న పాత ఏపీకే ఫైలు ఎక్కించబోతే ఆండ్రాయిడ్ 14 అడ్డంపడింది. 6.0కి ముందు ఆండ్రాయిడ్‌ల లెక్కలో తయారైన యాప్‌లను అది రానివ్వదు. “రేపు నా వయసు కూడా అడుగుద్దేటి?” అని బాబాయ్ రెండు ఫోన్లూ జేబులో వేసుకు తిరుగుతున్నాడు. పాతదాన్లో సిమ్ లేదు, వైఫై జోలికి పోనివ్వడు. నెట్టు తగిలితే అప్‌డేట్ అంటుకుంటుందట! దాన్లో పాడి, బ్లూటూత్‌లో కొత్తదానికి పంపి, అక్కణ్ణుంచి వాట్సాప్‌లో బోటు గ్రూపుకి వదులుతాడు. వాటాల లెక్క సరంగు చేతిలో ఉంది కాబట్టి కలాసీలు వినకుండానే బొటనవేలు పెట్టేస్తారు. ఒకడు మాత్రం పూర్తిగా విని మరీ రాశాడు:

“పాట బాగుంది మావా. ఎనకాల ఆ వంజరం ఎంతకి పోయింది?”