వియత్నాంకు ముహూర్తం

వియత్నాం పటాన్ని నిలువుగా తప్ప మరోలా వెయ్యలేం. సముద్ర తీరం 3,260 కిలోమీటర్లు. నడుము దగ్గర, క్వాంగ్ బిన్ ప్రాంతంలో, లావోస్ సరిహద్దు నుంచి సముద్రానికి 50 కిలోమీటర్లు. బెజవాడ నుంచి బందరు వెళ్లినంత దూరం కూడా లేదు. అలాంటి దేశంలో పక్కకు తిరిగేదేమీ ఉండదు, ఎంతసేపూ పైకో కిందికో పోవడమే. ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ ఎక్కలేదు. ‘తీరం వెంబడి వెళ్దాం’ అనగానే అందరికీ విశాఖ నుంచి భీమిలికి వెళ్లే బీచ్ రోడ్డే కనిపించింది. పొద్దున టిఫిన్ తిని హా లాంగ్ బేలో పడవెక్కి, సాయంత్రానికి న్యా చాంగ్‌లో స్నానం చెయ్యాలన్నది మావాడి పథకం. ఆ రెండింటి మధ్య వెయ్యి కిలోమీటర్లకు పైనే ఉంటుందని చెబితే, ‘ఫ్లైట్ ఉంటుంది కదా నాన్నా’ అన్నాడు.

విమానం మాట వినగానే బాబాయికి కోపం వచ్చింది. ఆయన రైల్వేలో రిటైరయ్యాడు.

‘‘తీరం వెంబడి వెళ్తూ గాల్లో ఎగురుతారట్రా? హనోయ్ నుంచి హోచిమిన్ సిటీకి రైలుంది, 1,726 కిలోమీటర్లు. 1936లో పూర్తయిన లైను. యుద్ధంలో తెగిపోతే దేశం ఒకటయ్యాక 1976లో మళ్లీ నడిపారు. పైగా మీటర్ గేజ్!’’

చివరి రెండు మాటలు అంటున్నప్పుడు ఆయన గొంతు కాస్త వణికింది. ఒకప్పటి మాచర్ల లైను మీద ఉద్యోగం చేసినవాడికి మీటర్ గేజ్ అంటే ప్రాణం. కాకపోతే ఆ ప్రయాణం ముప్పై గంటల పైమాట. అన్ని గంటలు కిటికీ పక్కన కూర్చున్నా ఆయన సముద్రం వంక చూడడు, పట్టాలే చూస్తాడు. చివరికి రాజీ కుదిరింది. హుయే నుంచి దనాంగ్ దాకా మాత్రం రైలు. సుమారు వంద కిలోమీటర్లు, రెండున్నర మూడు గంటలు. లైనంతటిలో చూడదగ్గ ముక్క అదే. 2005లో హై వాన్ కొండ కింద సొరంగం తవ్వారు గనక బస్సులు అందులోంచి దూరిపోతాయి, ప్రయాణికులకు చీకటే మిగులుతుంది. రైలు మాత్రం కొండను పట్టుకుని, కింద సముద్రాన్ని చూపిస్తూ నెమ్మదిగా పోతుంది. ఇందులో బాబాయిదే గెలుపు.

ఎప్పుడు వెళ్లాలన్నది ఇంకా పెద్ద పేచీ. మా ఆవిడ దసరా సెలవులంది. మనకు దసరా వచ్చే రోజుల్లోనే వియత్నాం నడిమి తీరానికి వానలొస్తాయి. నెల్లూరును ముంచే ఈశాన్య రుతుపవనాలే అక్కడ హుయేనీ హోయాన్‌నీ ముంచుతాయి. అక్టోబరు, నవంబరుల్లో హోయాన్ పాతబస్తీ వీధుల్లో పడవలు తిరుగుతాయి, అవి టూరిస్టుల కోసం తిప్పేవి కావు. సరే, సంక్రాంతి? అప్పుడు దక్షిణాన బాగానే ఉంటుంది, హనోయ్‌లో మాత్రం స్వెట్టర్లు తియ్యాలి, హా లాంగ్ బే మంచులో కనబడదు. ఆ వెనకే వాళ్ల కొత్త సంవత్సరం తేత్ వస్తుంది. దుకాణాలు కట్టేస్తారు, రైలు టిక్కెట్లు దొరకవు. తీరమంతా ఒకేసారి బాగుండే నెల ఆ దేశంలో దొరకడం కష్టం. అందుకని వేసవి సెలవులే ఖాయం చేశాం. జూన్‌లో దనాంగ్ ఎండ భరించలేరని ఎవరో హెచ్చరించారు. బెజవాడ వాళ్లకా ఎండ సంగతి చెప్పేది!

అసలు చిక్కు అత్తయ్య భోజనం. ఆవిడ వెల్లుల్లి కూడా ముట్టరు. అక్కడేమో ఉప్పు బదులు నుయోక్ మామ్ పోస్తారు. చిన్న చేపలను ఉప్పులో నెలల తరబడి మాగేసి తీసిన రసం అది. కూరగాయల ముక్కలు మాత్రమే కనిపించే గిన్నెలో కూడా ఆ చుక్క ఉండొచ్చు. ఇక పేర్లను నమ్మడానికే లేదు. హుయే ఊరి ప్రసిద్ధ నూడుల్స్ బున్ బో హుయేలో ‘బో’ అంటే గొడ్డు మాంసం. కావ్ లావ్ అనే ఇంకో రకం నూడుల్స్‌లో పంది. పసుపు కలిపిన బియ్యప్పిండితో అట్టులా పోసే బాన్ సేవ్‌ని చూసి అత్తయ్య ముఖం వెలిగింది గానీ, మడత విప్పితే లోపల రొయ్యలూ పందిమాంసమూ ఉంటాయి.

‘‘మరి వాళ్లలో శాకాహారులే లేరా నాయనా?’’

‘‘ఉన్నారు అత్తయ్యా. బౌద్ధులు చాలామంది చాంద్రమాసంలో మొదటి రోజూ పదిహేనో రోజూ మాంసం తినరు. చై అని బోర్డు పెట్టిన హోటళ్లు కూడా ఉంటాయి. మీరు అదొక్కటి చూసుకుంటే చాలు.’’

‘‘అంటే అమావాస్య, పౌర్ణమి అనేగా?’’ అంటూ ఆవిడ లేచి గోడకున్న పంచాంగం తీశారు.

అప్పటిదాకా నేను లాప్‌టాప్‌లో రంగురంగుల గళ్లతో పెద్ద పట్టిక తయారుచేస్తున్నాను. పంచాంగం ముందు అదెందుకూ కొరగాలేదు. హోయాన్‌లో చాంద్రమాసం పద్నాలుగో రాత్రి పాతబస్తీలో కరెంటు దీపాలు ఆర్పి, కాగితపు లాంతర్లు వెలిగించి నదిలో దీపాలు వదులుతారు. అంటే శుద్ధ చతుర్దశి. మర్నాడు పౌర్ణమి గనక చై హోటళ్లన్నీ కిటకిటలాడతాయి. ఒక రోజు అటూ ఇటూ అయినా అత్తయ్యకు పస్తుండదు, మాకు లాంతర్లు తప్పిపోవు. పైగా హోయాన్‌కు నలభై కిలోమీటర్ల దూరంలో మీ సన్ ఉంది. నాలుగో శతాబ్దంలో చంపా రాజు భద్రవర్మ అక్కడ భద్రేశ్వరుడి పేరుతో శివుణ్ణి ప్రతిష్ఠించాడు. 1969 నాటి అమెరికా బాంబుల తర్వాత మిగిలినవే ఇప్పటి గుళ్లు. వాటిలో కొన్నింటిని బాగుచేసింది మన పురావస్తు శాఖ వాళ్లే, 2020లో అక్కడ తవ్వుతుంటే వాళ్లకు ఏకశిలా లింగం ఒకటి బయటపడింది. ఇంత విన్నాక అత్తయ్యకు హా లాంగ్ బే మీద ఆసక్తి పూర్తిగా పోయింది.

మా ఆవిడను హోయాన్‌కు ఒప్పించడానికి దీపాలూ అక్కర్లేదు, దేవుడూ అక్కర్లేదు. అక్కడి దర్జీలు కొలతలు తీసుకుని ఒకటి రెండు రోజుల్లో బట్టలు కుట్టి చేతికిస్తారన్న ఒక్క మాట చాలింది. ఇక్కడ మా వీధి దర్జీ సంక్రాంతికి ఇస్తానన్న జాకెట్టు శ్రీరామనవమికి ఇస్తాడు, అదీ బిగుతుగా. సూట్‌కేసులో మొదట సర్దినది ఆది జాకెట్టు. ‘వాళ్లకి జాకెట్టు కుట్టడం తెలుసా?’ అని అడిగితే, ‘మనవాడికి మాత్రం తెలుసా?’ అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

మావాడికి బా నా కొండల మీద 2018లో తెరిచిన బంగారు వంతెన కావాలి, రెండు పెద్ద రాతి చేతులు మోస్తున్నట్టుంటుందే, అది. రాయి కాదు, తీగల వల మీద ఫైబర్‌గ్లాస్ అని చెప్పాను. ‘ఫొటోలో ఏం తెలుస్తుంది?’ అన్నాడు. దనాంగ్‌లో వారాంతపు రాత్రి 9 గంటలకు నిప్పులు కక్కే డ్రాగన్ వంతెన కూడా ఉంది గనక మా చతుర్దశి వారాంతానికి దగ్గరగా పడాలి. అత్తయ్య మళ్లీ పంచాంగం తిప్పారు. దొరికింది.

బాబాయికి మిగిలిన బాధ డబ్బు. రూపాయికి సుమారు 300 డాంగ్‌లు. నూడుల్స్ గిన్నె యాభై వేలు అని చదివి ఆయన కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. నూట డెబ్బై రూపాయలేనని లెక్క చెప్పాక తేరుకుని, ‘అయితే లక్షాధికారిగా బతికి వద్దాం’ అన్నాడు.

మొత్తం మీద హనోయ్ పోయింది, హా లాంగ్ బే పోయింది, న్యా చాంగ్, హోచిమిన్ సిటీ పోయాయి. హుయే, దనాంగ్, హోయాన్ మిగిలాయి. నన్నడిగితే వారం రోజుల సెలవున్నవాడికి ఆ దేశంలో ఆ మూడూళ్లు చాలు. మొత్తం తీరం చూస్తానని బయల్దేరినవాడు విమానాశ్రయాలు చూసి వస్తాడు.

మీరూ వెళ్లేటట్టయితే ఒక్క జాగ్రత్త. ఈ-వీసాకు ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు, తప్పు పడినా తిరిగి ఇవ్వరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉందో పొడి అక్షరంగా ఉందో, ముందుందో వెనకుందో చూసుకుని, ఫారంలో సరిగ్గా అలాగే నింపండి. ముఖ్యంగా అత్తయ్యలది.