‘ఏం కాదులే’ జాకీ

గూడూరులో భద్రతకు లోటేమీ లేదు. నిమ్మకాయల మార్కెట్టున్న ఊరాయె! 16వ నంబరు జాతీయ రహదారి పక్కన ఆగిన లారీల బంపర్లకు నిమ్మకాయలూ పచ్చిమిరపకాయలూ వేలాడుతూనే ఉంటాయి. ఇక చక్రానికి రాయెందుకు, ఇరుసు కింద స్టాండెందుకు?

చిల్లకూరు వైపు నుంచి సిలికా ఇసుక లోడుతో వస్తున్న లారీకి వెనక టైరు పంచరైందనుకోండి. లోడు దించరు. దించితే మళ్ళీ ఎత్తాలి, ఆ కూలి ఎవడిస్తాడు? సగం తారు మీదా సగం మట్టిలోనూ జాకీ పెడతారు. రోహిణీకార్తె ఎండకు తారు మెత్తబడి జాకీ మెల్లగా దిగబడుతుంది. కింద ఇటుకరాయి పెడతారు. అది పగిలితే ఇంకోటి. లారీ ఒరుగుతోందన్నా అని పనికుర్రాడు వేలు చూపిస్తే, "ఏం కాదులే అబ్బయా, కమాన్‌పట్టీలు అట్టానే దిగతాయి" అని కిందనుంచి మేస్త్రీ జవాబు. జాకీ మీద 20 టన్నులని అచ్చు గుద్ది ఉంది కదా, అదో ధైర్యం. అది కొత్త జాకీ, చదును నేల మీద నిటారుగా నిలబడినప్పటి మాట.

అసలు జాకీ పని బండిని లేపడం వరకే. ఆ తర్వాత మోసేది స్టాండు, లేదా గట్టి దుంగ. జాకీ లోపల సీలు అరిగితే నూనె జారిపోయే ముందు ఎవరికీ చెప్పదు. మిగతా చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు వెయ్యమనేది బండి దొర్లకూడదని. కానీ స్టాండు కొనాలి, దుంగ వెతకాలి. మనిషి నడుమైతే అక్కడే ఉంటుంది, అడ్వాన్సు కూడా అడగదు.

చట్టానికి ఇవి తెలియవని కాదు. అది ముందు తలలు లెక్కపెడుతుంది. కరెంటు వాడే చోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ అంది 1948 చట్టం. 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన కొత్త భద్రతా కోడ్ ఆ పదిని 20 చేసింది. పంచరు షాపులో ఉండేది ఇద్దరు, అందులో ఒకడు టీకి పోయుంటాడు.

ఇంకో పద్ధెనిమిది మందిని పెట్టుకో, చట్టమే నిన్ను చూసుకుంటుంది అని మేస్త్రీకి సలహా ఇచ్చాను.

"ఇరవై మంది ఉంటే నేనెందుకు సార్ కింద దూరేది?" అంటూ దూరాడు.