పంజాబ్ సైలెన్సరూ, నా తెలివీ

బండి గట్టిగా అరిస్తే గట్టిగా లాగుతుందనుకున్నాను. నా బుద్ధితక్కువని ఇంతకంటే క్లుప్తంగా చెప్పడం కుదరదు. నలభై దాటి, పిల్ల ఇంటర్‌కొచ్చిన మనిషిని. జగ్గయ్యపేట దగ్గర ఒక సిమెంటు కంపెనీలో లెక్కలు రాస్తాను. పద్దుల్లో రూపాయి తేడా వస్తే అన్నం సయించదు. అలాంటివాణ్ణి, సైలెన్సర్ దగ్గర మాత్రం లెక్కే వెయ్యలేదు.

బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, ఇంకా కార్బ్యురేటర్ ఉన్న రోజుల్లోది. 346 సీసీ, కంపెనీ కాగితం మీద 19.8 హార్స్‌పవర్. ఇల్లు నందిగామలో, ఉద్యోగం పేటలో. మధ్యలో అంబారుపేట, నవాబుపేట, చిల్లకల్లు. సిమెంటు లారీలు, ఎదురు దిశలో వచ్చే ట్రాక్టర్లు, కల్లాల నుంచి మిర్చి టిక్కీలు వేసుకొచ్చే ఆటోలు. ఆ హైవే మీద రోజూ తిరిగేవాడికి కావలసింది మంచి బ్రేకులు, మంచి హెడ్‌లైటు. నేను కోరుకుంది చప్పుడు.

చిన్నప్పుడు మా ఊళ్లో ఒక మోతుబరి దగ్గర పోత ఇనుము ఇంజన్ బుల్లెట్ ఉండేది. ఆయన వీధి మలుపు తిరగకముందే అరుగుల మీద వాళ్లు సర్దుకుని కూర్చునేవాళ్లు. ఆ డుగుడుగుకి కారణం ఉంది. ఒకటే సిలిండర్. పిస్టన్ కిందికీ పైకీ 90 మిల్లీమీటర్లు నడిచే పొడుగు స్ట్రోకు. నాలుగు స్ట్రోకుల ఇంజన్ కాబట్టి రెండు చుట్లకి ఒకసారి పేలుతుంది. ఐడిలింగ్‌లో నిమిషానికి వెయ్యి చుట్లనుకుంటే ఐదొందల పేలుళ్లు, అంటే సెకనుకి ఎనిమిది. చెవి దాదాపు ఒక్కొక్క దెబ్బనీ విడిగా పట్టుకోగలదు. నాకప్పుడు ఈ లెక్క తెలీదు. ఆయన పెద్దమనిషి కాబట్టి బండి అలా మోగుతుందనుకున్నాను. పెద్దయ్యాక దాన్నే తిరగేసి నమ్మాను: బండి అలా మోగితే మనిషి పెద్దవాడవుతాడని.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక షాపు గోడ నిండా సైలెన్సర్లే. పంజాబ్, ఇండోర్, డాల్ఫిన్, గోల్డ్ స్టార్, పొట్టి బాటిల్, పొడుగు బాటిల్, మెగాఫోన్. పుచ్చకాయ బేరమాడినట్టు ఒక్కోదాన్నీ వేలితో తట్టి చూశాను. లోపల అడ్డుపలకలు ఎన్ని ఉన్నాయి, గ్లాస్ ఊల్ ఉందా లేదా, గొట్టం మందం ఎంత అని ఒక్కటీ అడగలేదు.

"వీటిల్లో పవర్ దేనికెక్కువ?" అన్నాను.

"సౌండ్ దేనికెక్కువో చెప్తాను సార్," అన్నాడు షాపతను.

అంత నిజాయితీగా మాట్లాడే వ్యాపారి దొరకడం కష్టం. అయినా నాకు మాత్రం అతను పవర్ గురించే చెప్పినట్టు వినపడింది. పంజాబ్ తీసుకున్నాను. ఇంజన్ నుంచి సైలెన్సర్ దాకా వచ్చే బెండ్ పైపు కూడా మార్చమన్నాడు. కంపెనీ పైపులో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుందట, అది ఊపిరి ఆడనివ్వదట. దానికి వేరే డబ్బులనేసరికి వద్దన్నాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన మంచి పని అదొక్కటే, అదీ పిసినారితనం వల్ల.

తర్వాత వచ్చింది అసలు ప్రశ్న. సైలెన్సర్ మారిస్తే ఇంజన్ ట్యూనింగ్ చేయించాలా, అక్కర్లేదా? ఆఫీసు క్యాంటీన్లో అడిగాను. బంకులో పెట్రోలు కొట్టే కుర్రాణ్ణి అడిగాను. బుల్లెట్ జన్మలో ఎక్కని మా బావమరిదిని కూడా అడిగాను. జెట్లు మారిస్తే మైలేజీ పోద్దన్నాడు బావమరిది. ఖర్చు లేని సమాధానం అదొక్కటే కాబట్టి అదే సరైనదని తీర్మానించాను.

జెట్టంటే కార్బ్యురేటర్‌లో పెట్రోలు వచ్చే చిన్న ఇత్తడి ముక్క. మధ్యలో సూది దూరే బెజ్జం ఉంటుంది. ఇంజన్ పీల్చే గాలితోపాటు ఎంత పెట్రోలు పోవాలో ఆ బెజ్జమే తేలుస్తుంది. పెట్రోలు పూర్తిగా కాలాలంటే ఒక పాలు పెట్రోలుకి బరువులో 14.7 పాళ్లు గాలి కావాలి. కంపెనీ వాళ్లు తమ సైలెన్సర్ ఎంత అడ్డుకుంటుందో చూసుకుని బెజ్జాన్ని కుదురుస్తారు. అడ్డు తగ్గితే పొగ తొందరగా బయటపడుతుంది, గాలి ఎక్కువ లోపలికొస్తుంది, బెజ్జం మాత్రం పాతదే. మిశ్రమం పలచబడుతుంది. పలచని మిశ్రమం సరిగ్గా అంటుకోదు, అంటుకుంటే వేడెక్కిస్తుంది. ఇదంతా తర్వాత తెలుసుకున్న సంగతి. అప్పటికి నాకు తెలిసిందల్లా కిక్ కొడితే పక్క సందులో కుక్కలు లేస్తున్నాయని.

మొదటి వారం స్వర్గం. యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా వెనక టప్, టప్‌మని పేలేది. అదో ప్రత్యేకతనుకుని కావాలని వదిలి వదిలి పట్టుకునేవాణ్ణి. ఇంజన్‌లో అంటుకోని పెట్రోలు ఆవిరి వేడి గొట్టంలోకొచ్చి అక్కడ అంటుకుంటోందని, బండి పొలమారుతోందని తెలీలేదు. క్రోమ్ బెండ్ పైపు ఇంజన్ దగ్గర ముందు పసుపు పచ్చగా, తర్వాత నీలంగా తిరిగింది. నెమలి కంఠం రంగని మురిసిపోయి గుడ్డ పెట్టి తుడిచేవాణ్ణి. లోహం ఉండాల్సిన దానికంటే వేడెక్కితే వచ్చే రంగు అది.

చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర స్పీడ్ బ్రేకర్ దాటాక, వెనక మా ఆవిడ కూర్చునుంటే, మూడో గేరులో బండి వెనకాడేది. ఇదివరకు అదే గేరులో సునాయాసంగా ఎత్తుకునేది. నేను రెండోదిలోకి దించి గట్టిగా తిప్పేవాణ్ణి. చప్పుడు ఆకాశాన్నంటేది. స్పీడోమీటర్ ముల్లు మాత్రం తీరిగ్గా కదిలేది.

"ఏవండీ, మనల్ని దాటిపోయింది స్కూటీ అనుకుంటా," అంది.

మా ఆవిడ వెటకారం అక్కడితో ఆగలేదు. "మీరు అంబారుపేట దాటుతుండగానే వినపడుతోంది, అప్పుడే పెనం పెట్టేస్తున్నాను. దోసెలు వేడిగా ఉంటున్నాయి కదా?" అనేది. ఉండేవి.

బండిని నలుగురికీ వినిపించాలని పెనుగంచిప్రోలు తిరునాళ్లకి వేసుకెళ్లాను. తిరుపతమ్మ తల్లి తిరునాళ్లంటే ప్రభలు, డప్పులు, ఒకదానితో ఒకటి పోటీ పడే మైకులు. మున్నేటి గట్టు దాకా జనం. ఆ మోతలో నా పంజాబ్ సైలెన్సర్ నాకే వినపడలేదు. బండి ఆగిపోయిందేమోనని రెండుసార్లు వంగి చూసుకున్నాను.

చివరికి నందిగామలో మా మేస్త్రీ దగ్గరికే వెళ్లాను. ముందే వెళ్లాల్సింది. వెళితే వద్దంటాడని వెళ్లలేదు. ఆయన నా కథంతా వినలేదు. "హైవే మీద ఒకే స్పీడులో కాసేపు నడిపి, క్లచ్ పట్టి, అక్కడికక్కడ ఇంజన్ కట్టేసి, తోసుకొచ్చి ఇక్కడ పెట్టండి," అన్నాడు. ఇంజన్ ఐడిలింగ్‌లో తిరిగితే ప్లగ్గు మీద ఆనవాలు మారిపోతుందట. మా మోడల్‌కి రెండు ప్లగ్గులు. రెండూ ఊడదీసి నా అరచేతిలో గుడ్డ పరిచి పెట్టాడు. లేత గోధుమరంగులో ఉంటే మిశ్రమం సరిపోయినట్టు. మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు. నావి రెండూ తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నడిమి మొన చుట్టూ ఉన్న పింగాణీ మీద సన్నటి పొక్కులు.

"ఇంకొన్నాళ్లు ఇట్టాగే తిప్పితే పిస్టన్ అడిగేది సార్," అన్నాడు.

ఒక్కో సైజు పెద్ద జెట్లు వేశాడు. సైలెన్సర్ జాయింటు దగ్గర గాలి లాగుతోందని గాస్కెట్టూ మార్చాడు. టపటపల్లో సగం ఆ సందుదే. బండి కుదుటపడింది. అంటే సైలెన్సర్‌కి పెట్టిన డబ్బు కాక మరికొంత పెట్టి, కంపెనీ వాళ్లు ఇచ్చినప్పుడు ఎలా ఉందో దాదాపు అక్కడికే తెచ్చుకున్నాను. చప్పుడు అదనం.

ఆ చప్పుడుకి చట్టంలో వెల రాసుంది. 175 సీసీ దాటిన బైకు 80 డెసిబెల్స్ మించకుండా తయారు కావాలని 2003 నుంచి నిబంధన. డెసిబెల్ లెక్క సాదా కూడిక కాదు, మూడు పెరిగితే శబ్దశక్తి రెట్టింపు, పది పెరిగితే పదింతలు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 190(2) కింద మొదటిసారి పట్టుబడితేనే పదివేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు. విశాఖలో పోలీసులు ఇలాంటి సైలెన్సర్లని రోడ్డు రోలర్ కింద తొక్కించడం టీవీలో చూశాను. వరసలో మెరుస్తున్న వాటిలో నా మోడల్ గుర్తుపట్టాను కూడా. దానికీ భయపడలేదు. మా అమ్మాయి ఒకరోజు, "నాన్నా, ట్యూషన్ దాకా వద్దు, సందు మొదట్లో దింపెయ్," అంది. కారణం చెప్పలేదు. ఆ ఆదివారమే అటక మీది పాత సైలెన్సర్ దించాను. మేస్త్రీని పిలవడానికి మొహం చెల్లక నేనే స్పానర్ పట్టి బిగించాను.

ఇక్కడితో కథ అయిపోతే కాస్త గౌరవంగానే ఉండేది. పాత సైలెన్సర్ పెట్టాను, కొత్త జెట్లు అలాగే ఉంచేశాను. ఇదివరకు గాలి ఎక్కువ, ఇప్పుడు పెట్రోలు ఎక్కువ. మైలేజీ పడిపోయింది, పొద్దున్నే నల్లటి పొగ. బంకులో కల్తీ జరుగుతోందని తేల్చేశాను. వెళ్లి గొడవేసుకున్నాను. బంకు కుర్రాడు మారు మాట్లాడకుండా ఫిల్టర్ పేపర్ తెచ్చాడు. ఎవరడిగినా ఇవ్వాలట. నాజిల్ కొస తుడిచి, దాని మీద ఒక చుక్క వేశాడు. నలుగురం చుట్టూ నిలబడి చూశాం. చుక్క ఆరిపోయింది. కాగితం మీద మచ్చ లేదు. "పెట్రోలు బానే ఉంది బాబాయ్," అన్నాడు. జెట్లు మారిస్తే ఏమవుతుందని నేను ఒకప్పుడు సలహా అడిగింది ఇతన్నే.

మళ్లీ మేస్త్రీ. ప్లగ్గులు ఈసారి కాటుక. "పాత జెట్లు ఏవి సార్?" అన్నాడు. మా ఆవిడ చిల్లర డబ్బాలో రూపాయి బిళ్లల మధ్య దొరికాయి.

మా మేనల్లుడికి 2021 తర్వాతి క్లాసిక్ ఉంది. 349 సీసీ, కార్బ్యురేటర్ లేదు, ఫ్యూయల్ ఇంజెక్షన్. వాడూ అదే అడిగాడు: "మామయ్యా, ట్యూనింగ్ కావాలా?" తెలిసినంత చెప్పాను. చివరి డబ్బా ఒక్కటే మార్చి, బెండ్ పైపూ ఎయిర్ ఫిల్టరూ కంపెనీవే ఉంచితే, నిలకడగా పోయేటప్పుడు ఆక్సిజన్ సెన్సర్ చూసి కంప్యూటరే పెట్రోలుని కొద్దిగా సర్దుకుంటుంది. పూర్తిగా తిప్పినప్పుడు మాత్రం అది సెన్సర్ మాట వినదు, లోపల రాసిపెట్టిన పట్టికే చూస్తుంది. పైపంతా, ఫిల్టరూ మార్చేశావంటే ఆ పట్టిక తిరగరాయించాల్సిందే. కన్వర్టర్ తీశావా, బీఎస్6 అన్న పొగ నిబంధనకి అర్థం లేదు, వారంటీ గురించి నోరెత్తకు. వాడు శ్రద్ధగా విని, "అయితే నీ పంజాబ్ సైలెన్సర్ ఎంతకిస్తావ్?" అన్నాడు. వాళ్లమ్మకి ఫోన్ చేసి చెప్పాను.

సైలెన్సర్ని ఈమధ్యే వత్సవాయి వైపు కుర్రాడొకడు వచ్చి కొనుక్కున్నాడు. నాలాంటి పాత క్లాసిక్కే. జెట్ల సంగతి, ప్లగ్గు రంగు సంగతి, గాస్కెట్ సంగతి పూస గుచ్చినట్టు చెప్పబోయాను. పదివేల జరిమానా కూడా నోటిదాకా వచ్చింది.

"అవన్నీ సరే అంకుల్, సౌండ్ ఉంటదా?" అన్నాడు.

ఉంటుందన్నాను. అతను ఐదొందలు తగ్గించమన్నాడు. రెండొందలు తగ్గించాను.